పరాయి దేశంలో వైద్యం: మీ ఆరోగ్య రహస్యం ఎవరి చేతిలో పెట్టాలి?

విదేశంలో డాక్టరు దగ్గరికి వెళ్లవలసి వస్తే చాలామంది ముందుగా ఖర్చు చూస్తారు, తరువాత దూరం చూస్తారు. గదిలో తాము చెప్పే మాట ఎవరెవరి చెవిన పడుతుంది, అక్కడి నుంచి ఎక్కడికి వెళుతుంది అన్నది ఆలోచించేవారు తక్కువ. తీరా డాక్టరు ఎదురుగా కూర్చున్నాక, పక్కనున్న మనిషిని చూసి అసలు సంగతి మింగేస్తారు. చెప్పని లక్షణానికి ఏ డాక్టరూ మందు రాయలేరు. అందుకే ఈ ఎంపికలు ఆస్పత్రికి బయలుదేరక ముందే చేసుకోవాలి.

గోప్యత అనగానే కంప్యూటర్లలోకి చొరబడే దొంగలు గుర్తుకొస్తారు. వాళ్ల భయం ఉన్నదే. కానీ రోగి జీవితాన్ని నిజంగా కుదిపేసేవి ఎక్కువగా దగ్గరివాళ్ల ద్వారా బయటపడే సంగతులే అని నా నమ్మకం. మాట అందించడానికి వచ్చిన బంధువు, బీమా కాగితం ఇంట్లో అందుకునే పాలసీదారు, పాస్‌వర్డు తెలిసిన గది మిత్రుడు. వీళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, అందరూ సాయం చేయడానికి వచ్చినవాళ్లే. జాగ్రత్త కష్టమయ్యేది కూడా అందుకే.

చట్టాలు బలంగానే ఉన్నాయి. అమెరికాలో రోగుల సమాచారాన్ని కాపాడే 1996 నాటి హిపా చట్టం ఉంది. యూరోపియన్ యూనియన్‌లో 2018 మే 25 నుంచి అమలవుతున్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న వర్గంలో చేర్చింది. జర్మనీలో డాక్టరు రోగి రహస్యాన్ని బయటపెట్టడం శిక్షాస్మృతి 203వ సెక్షన్ కింద నేరం. ప్రపంచ వైద్య సంఘం 1948లో ఆమోదించిన జెనీవా ప్రకటన ఇప్పటి రూపం ప్రకారం, రోగి చనిపోయిన తరువాత కూడా డాక్టరు ఆ రహస్యాన్ని కాపాడాలి. ఇవన్నీ డాక్టరునూ ఆస్పత్రినీ కట్టడి చేస్తాయి. మీ వెంట వచ్చిన బావగారిని మాత్రం వీటిలో ఏదీ కట్టడి చేయదు.

మాట అందించేది ఎవరు?

అక్కడి భాష అంతగా రానివారికి అన్నిటికంటే పెద్ద ఎంపిక ఇదే. సాధారణంగా నాలుగు దారులు కనిపిస్తాయి: వెంట వచ్చిన బంధువు లేదా స్నేహితుడు, ఆస్పత్రికి స్వయంగా వచ్చే దుబాసి, ఫోనులో లేదా వీడియోలో మాట్లాడే దుబాసి, చేతిలోని ఫోనులో ఉన్న అనువాద యాప్.

బంధువు వల్ల లాభాలు తెలిసినవే. ధైర్యంగా ఉంటుంది, ఖర్చు లేదు, మీ పాత జబ్బుల సంగతి తెలుసు. చిక్కు కూడా అక్కడే ఉంది. తల్లికి వచ్చిన క్యాన్సర్‌ను కొడుకు ఆమెకు చెప్పకుండా దాచేయవచ్చు. భర్త ఎదుట భార్య పాత గర్భస్రావం గురించి, మామగారి ఎదుట కోడలు మానసిక వేదన గురించి, స్నేహితుడి ఎదుట ఒక యువకుడు లైంగిక సమస్య గురించి నోరు విప్పలేరు. ఇంట్లో కొట్టే మనిషే మాట అందించడానికి పక్కన కూర్చుంటే ఇక చెప్పేదేముంది? పైగా తప్పులు కూడా ఎక్కువ. 2003లో అమెరికా వైద్య పత్రిక పీడియాట్రిక్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఆస్పత్రి దుబాసీలనూ, అప్పటికప్పుడు కూర్చోబెట్టిన బంధువులనూ ఇతరులనూ పోల్చి చూసింది. తప్పులు ఇద్దరూ చేశారు. అయితే వైద్యానికి హాని చేయగల తప్పుల వాటా శిక్షణ లేనివారిలోనే ఎక్కువగా కనిపించింది.

పిల్లలను మాత్రం ఈ పనికి కూర్చోబెట్టకండి. బడిలో ఆ దేశపు భాష నేర్చుకున్నారు కదా అని పదేళ్ల పిల్ల చేత తల్లి రక్తస్రావం గురించి చెప్పించడం ఇద్దరికీ అన్యాయం. అమెరికాలో 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం 1557వ సెక్షన్ కింద ఉన్న నియమాలు, ప్రాణాపాయం లాంటి అత్యవసరంలో దుబాసి దొరకనప్పుడు తప్ప, మైనర్లను ఇందుకు వాడరాదంటున్నాయి. కేంద్ర ప్రభుత్వ నిధులు పొందే ఆస్పత్రులు రోగిని సొంతంగా దుబాసిని తెచ్చుకోమని అడగడానికి కూడా వీల్లేదు. 2024లో సవరించిన నియమాలు ఇంకో అడుగు వేశాయి. నా బంధువే మాట అందించాలని రోగి కోరుకుంటే, ఆ కోరికను కూడా బంధువు లేనప్పుడు, అర్హత గల దుబాసి సమక్షంలో, ఏకాంతంగా చెప్పాలి. బంధువు పక్కనే ఉండగా కాదనలేని ఇబ్బంది ఎలాంటిదో తెలిసినవాళ్లు రాసిన నియమం ఇది. మీరు ఏ దేశంలో ఉన్నా ఈ పద్ధతినే పాటించమని నా సలహా.

ఇక వృత్తి దుబాసి. ఇది ఉచితంగా దొరుకుతుందని చాలామందికి తెలియదు. అమెరికాలో పైన చెప్పిన ఆస్పత్రులు రోగి దగ్గర డబ్బు తీసుకోకుండా ఏర్పాటు చేయాలి. ఇంగ్లండులో ఎన్‌హెచ్‌ఎస్ అనే ప్రభుత్వ ఆరోగ్య సేవ కుటుంబ వైద్యుల దగ్గర కూడా రోగికి ఈ సేవ ఉచితం. ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే నడిపే టిస్ నేషనల్ అనే సేవ 131 450 నంబరు మీద ఇరవై నాలుగు గంటలూ ఫోనులో దుబాసీలను కలుపుతుంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే భాష పేరు చెప్పి దుబాసి కావాలని అడగండి. వెళ్లిన రోజు అడిగితే దొరకకపోవచ్చు, అప్పుడు భారం మళ్లీ బంధువు మీదే పడుతుంది. రోగి రహస్యాన్ని వైద్యబృందం దాటి బయటికి పోనివ్వకూడదన్నది ఈ వృత్తి నియమావళిలోనే ఉంది. అమెరికాలో వైద్య దుబాసీల జాతీయ మండలి 2004లో ప్రకటించిన నియమావళిలో అది ముఖ్యమైన సూత్రం.

అయితే ఎదురుగా వచ్చి కూర్చునే దుబాసి మంచిదా, ఫోనులో మాట్లాడే దుబాసి మంచిదా? ఎదురుగా ఉన్న మనిషే మేలని పైకి అనిపిస్తుంది. చాలా సందర్భాల్లో అది నిజం కూడా. ముఖం చూస్తారు, చేతి సైగ చూస్తారు, రోగి తడబడితే గమనిస్తారు. చెడు వార్త వినాల్సి వచ్చినా, శస్త్రచికిత్సకు సమ్మతి ఇవ్వాల్సి వచ్చినా, వినికిడి తగ్గిన పెద్దవారైనా ఎదురుగా ఉన్న దుబాసినే అడగండి.

కానీ ఒక చిక్కుంది. మీ భాష మాట్లాడేవారు ఆ ఊళ్లో కొద్దిమందే ఉంటే, వచ్చిన దుబాసి రేపు మీకు ఏదో వేడుకలో ఎదురుపడవచ్చు. వృత్తి నియమం ప్రకారం ఆమె నోరు విప్పకపోవచ్చు. అయినా ఆమెకు తెలుసన్న భయమే మీ నోరు కట్టేస్తుంది. అలాంటప్పుడు ఫోను దుబాసే మేలు. ఎక్కడో వందల మైళ్ల దూరంలో ఉంటారు, మీ ముఖం చూడరు, చాలా సేవల్లో దుబాసి తన పేరుకు బదులు ఒక నంబరు మాత్రమే చెబుతారు. మీ పేరు కూడా ఆ దుబాసికి చెప్పకుండా మాట్లాడమని డాక్టరును కోరవచ్చు. లైంగిక ఆరోగ్యం, మానసిక సమస్య, మద్యం, ఇంట్లో హింస లాంటి సంగతులకు నా ఓటు ఫోనుకే. వేరే ఊరి దుబాసి కావాలనీ, స్త్రీ లేదా పురుష దుబాసి కావాలనీ కూడా అడగవచ్చు. ప్రతిసారీ దొరకకపోయినా అడగడంలో తప్పు లేదు.

ఫోనులో ఉన్న ఇబ్బంది స్పీకరు. అత్యవసర విభాగంలో మంచానికీ మంచానికీ మధ్య ఉండేది తెర మాత్రమే, అది చూపును ఆపుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. స్పీకరు బదులు రిసీవరు చెవికి పెట్టుకుని మాట్లాడతానని చెప్పండి. కొన్ని ఆస్పత్రుల్లో డాక్టరుకూ రోగికీ చెరొక రిసీవరు ఉండే ఫోన్లు ఉంటాయి. వీడియో అయితే, శరీర పరీక్ష మొదలుకాగానే కెమెరాను గోడవైపు తిప్పమనండి. ఇది ఎవరూ వాళ్లంతట వాళ్లు చేయకపోవచ్చు.

అనువాద యాప్‌ను నేను చివర పెడతాను. మందుల దుకాణం ఎక్కడ, ఎక్స్‌రే గది ఏ అంతస్తులో అని అడగడానికి చాలు. జబ్బు వివరాలకు పనికిరాదు. మీరు మాట్లాడింది, మీరు ఫోటో తీసిన రిపోర్టు చాలావరకు ఆ సంస్థ సర్వర్లకు చేరతాయి. ఆస్పత్రిని కట్టడి చేసే హిపా వంటి చట్టం, మీరు సొంతంగా మీ ఫోనులో వేసుకున్న యాప్‌కు సాధారణంగా వర్తించదు. వెబ్‌లో రాత తక్కువగా ఉన్న భాషల్లో తప్పులు కూడా ఎక్కువే. "లేదు" అన్నది "ఉంది" అయిపోతే వైద్యంలో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. తప్పదనుకుంటే భాషా ఫైలును ముందే దించుకుని, ఇంటర్నెట్ ఆపేసి వాడండి. రిపోర్టు ఫోటో తీస్తే పేరు, పుట్టిన తేదీ ఉన్న భాగం మూసేయండి. పని అయ్యాక యాప్‌లోని హిస్టరీ చెరిపేయండి.

ఎవరి సంగతి వారికి వేరుగా ఉంటుంది గానీ, నన్ను అడిగితే చాలామందికి సరిపోయే అమరిక ఒకటుంది. బంధువును తోడుగా తీసుకెళ్లండి, మాట అందించే పని మాత్రం దుబాసికి ఇవ్వండి. నమోదు కాగితాలు, దారి, మందుల వేళలు బంధువు చూసుకుంటారు. జబ్బు మాట దుబాసి చెబుతారు.

గదిలో ఇంకెవరున్నారు?

బంధువును బయటికి వెళ్లమని మీరే చెప్పడం కష్టంగా ఉంటుంది. ఆ భారం డాక్టరు మీద వేయండి. "నాతో కొద్దిసేపు ఒంటరిగా మాట్లాడాలి, అది మీ ఆస్పత్రి పద్ధతి అని మా వాళ్లకు చెప్పండి" అని ఆ దేశపు భాషలో ఒక చీటీ మీద ముందే రాయించి పెట్టుకుని నర్సు చేతికివ్వండి. చాలా ఆస్పత్రులకు ఇది అలవాటైన పనే. నమోదు కౌంటరు దగ్గర కూడా గట్టిగా చెప్పనక్కరలేదు. వచ్చిన కారణం చీటీ మీద రాసి ఇవ్వవచ్చు, లేదా డాక్టరుతోనే చెబుతానని అనవచ్చు.

శరీర పరీక్షకు సాక్షిగా ఒక సిబ్బంది ఉండాలని కోరే హక్కు చాలా దేశాల్లో ఉంది. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ డాక్టర్లకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఈ సాక్షి సాధారణంగా శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది అయి ఉండాలి. బంధువును నిష్పాక్షిక సాక్షిగా లెక్కించరు, కానీ మీరు కోరితే బంధువు కూడా గదిలో ఉండవచ్చు. వైద్య విద్యార్థులు గదిలోకి వస్తే వద్దనవచ్చు. వద్దన్నందుకు వైద్యం తగ్గదు.

డాక్టరు ఎవరి కోసం పనిచేస్తున్నారు?

సొంతంగా ఎంచుకున్న క్లినిక్, విశ్వవిద్యాలయపు క్లినిక్, ఉద్యోగం ఇచ్చిన కంపెనీ క్లినిక్ బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపల నియమాలు వేరు. అమెరికాలో విశ్వవిద్యాలయ ఆరోగ్య కేంద్రంలో విద్యార్థి చికిత్స రికార్డులు సాధారణంగా హిపా కింద కాక, 1974 నాటి ఫెర్పా అనే విద్యా రికార్డుల చట్టం కిందకు వస్తాయి. జలుబుకూ టీకాలకూ ఆ క్లినిక్ చాలా అనువైనది. తీవ్రమైన మానసిక సమస్య వంటివాటికి మాత్రం రికార్డు ఎవరు చూడగలరో మొదటి రోజే అడిగి, నచ్చకపోతే బయటి డాక్టరును ఎంచుకోండి.

కంపెనీ తరఫున జరిగే పరీక్ష, వీసా కోసం జరిగే పరీక్ష అసలు వేరే సంగతి. అక్కడ డాక్టరు మీకు వైద్యం చేయడానికి లేరు, మీరు తగినవారా కాదా అని ఇంకొకరికి చెప్పడానికి ఉన్నారు. గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి వెళ్లేవారికి చేసే పరీక్షల్లో క్షయ, హెచ్‌ఐవీ వంటివి ఉంటాయి, ఫలితం నేరుగా అధికారులకు వెళుతుంది. కాబట్టి అనుమానం ఉన్న జబ్బుకు ముందు మీ సొంత డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకోండి. ఫలితం మొదట మీకే తెలియాలి, చికిత్స ఆలోచించుకోవడానికి మీకు సమయం ఉండాలి. అడిగిన ప్రశ్నలకు అబద్ధం రాయమని మాత్రం నేను చెప్పను. అది బయటపడితే పోయేది గోప్యత ఒక్కటే కాదు.

స్వదేశంలో ఉన్న పాత డాక్టరుతో వీడియోలో మాట్లాడటం ఇంకో దారి. మీ భాషే కనుక మధ్యలో దుబాసే అక్కరలేదు, ఇది చిన్న లాభం కాదు. రెండో అభిప్రాయానికి, పాత జబ్బు గురించి సందేహానికి ఇది చక్కటి దారి. కానీ చాలా దేశాల్లో, రోగి ఎక్కడ ఉంటే అక్కడ లైసెన్సు ఉన్న డాక్టరే వైద్యం చేయాలన్న నియమం ఉంది. ఆ మందుల చీటీ మీరున్న చోట చెల్లకపోవచ్చు, అత్యవసరంలో అక్కడి ఆస్పత్రికి ఈ రికార్డేదీ కనిపించదు. గోప్యత సంగతికొస్తే, ఆస్పత్రిలో లేని ప్రమాదాలు ఇక్కడున్నాయి. గోడలు పలుచనివైతే పక్క గదిలోవాళ్లు వింటారు. డాక్టరుకు పంపిన గాయం ఫోటో ఫోను గ్యాలరీలో పడి, ఇంటిల్లిపాదీ చూసే క్లౌడు ఆల్బంలోకి తనంతట తానే చేరుతుంది. మాట్లాడే ముందు ఫోటోల ఆటోమేటిక్ బ్యాకప్ ఆపండి, ఇయర్‌ఫోను పెట్టుకోండి, డాక్టరు పక్కన ఎవరైనా ఉన్నారేమో అడగండి.

డబ్బు కట్టిన చేయి

ఇది చాలామంది ఊహించని చోటు. అమెరికాలో బీమా తల్లిదండ్రుల పేరునో జీవిత భాగస్వామి పేరునో ఉంటే, మీరు ఏ డాక్టరును చూశారో, ఏ సేవకు ఎంత చెల్లించారో తెలిపే వివరణ పత్రం పాలసీదారుకు వెళుతుంది. ఆపడానికి రెండు దారులున్నాయి. సమాచారం వేరే చిరునామాకు పంపమని బీమా కంపెనీని రాతపూర్వకంగా కోరడం ఒకటి. మామూలు పద్ధతిలో పంపితే మీకు ప్రమాదం కలుగుతుందని చెబితే, సహేతుకమైన కోరికను వారు ఒప్పుకుని తీరాలి. రెండోది, ఆ సేవకు మొత్తం డబ్బు మీరే చేతి నుంచి కట్టి, దాని సమాచారం బీమాకు ఇవ్వవద్దని ఆస్పత్రికి రాసివ్వడం. 2013 నాటి నియమాల ప్రకారం, వేరే చట్టం కోరితే తప్ప, ఆస్పత్రి దీన్ని మన్నించాలి. ఖర్చు భరించగల చిన్న పరీక్షలకు ఇదే మేలు. పెద్ద చికిత్సకు ఇది దాదాపు అసాధ్యం, అక్కడ మొదటి దారే ఎంచుకోండి.

ఇంగ్లండులో కుటుంబ వైద్యుడిని చూడటానికి డబ్బు లేదు కనుక బిల్లు ద్వారా సంగతి బయటపడదు. అక్కడ చూసుకోవలసింది ఇంటికి వచ్చే ఉత్తరం, ఫోనుకు వచ్చే సందేశం. ఏ నంబరుకు పంపాలో క్లినిక్‌కు చెప్పి మార్పించండి. విదేశీ సందర్శకులు ఆస్పత్రి బిల్లు 500 పౌండ్లు దాటి రెండు నెలలు బాకీ పడితే ఆ సంగతి హోం శాఖకు చేరవచ్చు, అది వీసా మీద ప్రభావం చూపగలదు. అక్కడికి వెళ్లేది బాకీ సమాచారమే, జబ్బు వివరాలు కాదు.

ప్రయాణ బీమా కంపెనీలు క్లెయిము సమయంలో విస్తృతమైన సమ్మతి పత్రం మీద సంతకం అడుగుతాయి. పాత జబ్బులు దాచవద్దు, పాలసీయే చెల్లకుండా పోతుంది. అయితే మోకాలు విరిగినందుకు పదేళ్ల మానసిక చికిత్స రికార్డు ఎందుకని అడగండి. ఈ ప్రమాదానికి సంబంధించిన కాగితాలకే సమ్మతి ఇస్తున్నానని రాసి సంతకం చేయండి.

రికార్డు మీ చేతిలో

దేశం వదిలే ముందు మీ రికార్డుల నకలు తీసుకోండి. జీడీపీఆర్ అమలయ్యే దేశాల్లో సాధారణంగా నెల రోజుల్లో ఇవ్వాలి, మొదటి నకలు ఉచితం. 2023 అక్టోబరులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం వైద్య రికార్డుల విషయంలో ఇదే ధ్రువీకరించింది. అమెరికాలో గడువు 30 రోజులు, నకలు తీసే ఖర్చు మేరకు రుసుము ఉండవచ్చు. ఆన్‌లైన్ పోర్టల్ నుంచి దించుకోవడం వేగం, కానీ ఖాతా తెరిచేటప్పుడు సాయం చేసిన బంధువు ఈమెయిలే ఇచ్చారేమో చూసుకోండి. పరీక్షా ఫలితం డాక్టరు చెప్పేలోపే అక్కడికి రావచ్చు. స్కాన్ ఫైళ్లు ఇతరులకు పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ఆస్పత్రి సీడీలో ఉండే డైకామ్ అనే రకం స్కాన్ ఫైలులో మీ పేరు, పుట్టిన తేదీ బొమ్మతోపాటు లోపల దాగి ఉంటాయి, పైన కనిపించే పేరు చెరిపినంత మాత్రాన పోవు.

ఎంత జాగ్రత్తపడినా డాక్టరు చెప్పక తప్పని సంగతులు కొన్నుంటాయి. క్షయ వంటి అంటువ్యాధులు, పిల్లలపై హింస, న్యాయస్థానం ఉత్తర్వు. ఇవి దేశాన్ని బట్టి మారతాయి కనుక, సున్నితమైన సంగతి మొదలుపెట్టే ముందు "నేను చెప్పేదాన్ని మీరు ఎవరికైనా తెలియజేయవలసి వస్తుందా?" అని దుబాసి ద్వారా అడగండి.

ఇంత చేసినా రహస్యం బయటపడితే, ముందు ఆస్పత్రిలో రోగుల ఫిర్యాదులు చూసే విభాగానికి రాతలో ఇవ్వండి. అమెరికాలో ఆరోగ్య శాఖ పౌరహక్కుల కార్యాలయానికి, సంగతి మీకు తెలిసిన 180 రోజుల్లోపు ఫిర్యాదు చేయాలి. బ్రిటన్‌లో ఇన్‌ఫర్మేషన్ కమిషనర్ కార్యాలయం, ఆస్ట్రేలియాలో ఇదే పని చేసే సమాచార కమిషనర్ కార్యాలయం ఉన్నాయి. మీరు ఆ దేశ పౌరులు కాకపోయినా ఫిర్యాదు చేయవచ్చు. తేదీ, సమయం, గదిలో ఎవరున్నారో, ఫోను దుబాసి అయితే ఆయన చెప్పిన నంబరు అదే రోజు రాసి పెట్టుకుంటే ఈ పని సగం తేలికవుతుంది.